కిలోమీటరుకి నూరు సెకన్లు

మోటారు పందెం అనగానే మనకు తోచేది ఒక్కటే, అందరికంటే ముందు పోవడం. ఇవాళ నేను చెప్పబోయే పోటీలో ముందు వచ్చినవాడికి కప్పు రాదు సరికదా, మార్కులు పోతాయి. వెనక వచ్చినవాడికీ పోతాయి, కాకపోతే వాడికి సగమే. ఏ చోటికి ఏ సెకనుకి రావాలో ఆ చోటికి ఆ సెకనుకి వచ్చినవాడే విజేత. దీన్ని రెగ్యులారిటీ ట్రయల్ అంటారు. మామూలు రోడ్డు మీద జరిపితే మన దేశంలో దాని పేరు టీఎస్‌డీ ర్యాలీ. టైము, స్పీడు, డిస్టెన్సు, ఈ మూడింటి లెక్క అది. రేసు ట్రాకు మీద జరిపితే ఎవరి సొంత కారు వాళ్ళు తెచ్చుకుని, ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు తీసుకుంటారో ముందే కాగితం మీద రాసిచ్చి, ఆ తర్వాత ప్రతి చుట్టూ అంతే సమయంలో తిరగాలి.

మా మేనల్లుడిది టెక్కలి. ఈ సంగతి చెబితే వాడు నమ్మలేదు. "ఏటి మావా, పందెమంటే ముందెల్లినోడే కదా గెలాల? బేగెల్తే మార్కులు కోసేత్తారా?" అన్నాడు. కోసేత్తారు, రెట్టింపు కోసేత్తారు అన్నాను. వాడికి రుచించలేదు. ఒక ఆదివారం ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి, "నీకు నచ్చినంత నెమ్మదిగా తిరుగు. కానీ మొదటి చుట్టు ఎంతసేపు పట్టిందో మిగిలినవన్నీ అంతే పట్టాలి" అని చెప్పి నేను స్టాప్‌వాచీ పట్టుకున్నాను. పొద్దెక్కినా వాడు కారు దిగలేదు. ఒకసారి రెండు సెకన్లు ఎక్కువ, ఒకసారి మూడు సెకన్లు తక్కువ. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ తిరుగుతూనే ఉన్నాడు.

ఈ ఆట మన శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం కుర్రాళ్ళకి అందాలన్నది నా గట్టి కోరిక. మన ఊళ్ళను ఒరుసుకుంటూ పోయే 16వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ళు ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డనే అంటారు, నాలుగు వరసలయ్యాక మనకు విశాఖపట్నాన్ని దగ్గర చేసింది. ఎంతోమందిని దూరం కూడా చేసింది. 2012 నవంబరు 2 తెల్లవారుజామున రణస్థలం దగ్గర కింజరాపు ఎర్రన్నాయుడు గారి ప్రాణం తీసిన ప్రమాదం జరిగింది ఈ రోడ్డు మీదే. ఆయన పెద్ద నాయకుడు కాబట్టి ఆ తేదీ మనకు గుర్తుంది. తేదీలు ఎవరికీ గుర్తుండని ఇళ్ళు ఈ రోడ్డు పొడవునా ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కుర్రాడికి బండి మీద తన సత్తా చూపించుకోవాలని ఉంటుంది. వద్దని చెబితే వినడు. సత్తా అంటే వేగం ఒక్కటే కాదని చూపించే ఆట ఇస్తే వింటాడు. మా వాడు విన్నాడు.

ముందు రోడ్డు మీది ఆట సంగతి చెబుతాను. ఇందులో అందమంతా లెక్కలోనే ఉంది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి సరిగ్గా పది మీటర్లు, కిలోమీటరుకి నూరు సెకన్లు. నేర్చుకునేవాడు మొదట బట్టీ పట్టాల్సింది ఇదే. తక్కిన వేగాలకు 3600ని వేగంతో భాగిస్తే కిలోమీటరుకి ఎన్ని సెకన్లో వచ్చేస్తుంది. 30 అయితే 120 సెకన్లు. 40 అయితే 90. 45 అయితే 80. 48 అయితే 75. 60 అయితే 60. నిర్వాహకులు బయల్దేరే ముందు రోడ్ బుక్ అని ఒక పుస్తకం చేతికిస్తారు. అందులో ప్రతి మలుపుకీ ఒక చిన్న బొమ్మ ఉంటుంది. చుక్క ఉన్నచోట మనం ఉన్నట్టు, బాణం చూపించే వైపు పోవాలన్నట్టు. పక్కనే అక్కడికి ఎన్ని కిలోమీటర్లో, ఆ ముక్కలో సగటు వేగం ఎంత ఉండాలో రాసి ఉంటుంది. దారిలో ఎక్కడెక్కడో మార్షళ్ళు గడియారాలతో కూర్చుని ఉంటారు. ఎక్కడన్నది మనకు చెప్పరు. అందుకని చివర్లో సర్దుకుందాంలే అంటే కుదరదు. దారి పొడవునా, ఏ క్షణంలో చూసినా, ఉండాల్సిన చోట ఉండాలి.

కాశీబుగ్గ నుంచి వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం దిక్కుగా పోయే దారిలో 14 కిలోమీటర్ల 400 మీటర్ల ముక్క ఒకటి తీసుకున్నామనుకుందాం. సగటు 36. అంటే 1440 సెకన్లు, ఇరవై నాలుగు నిమిషాలు. వినడానికి ఎంత సులువు! కానీ ఆ దారి మీకు తెలుసు. ఒకచోట కొబ్బరికాయల లారీ వెనక్కి తిరుగుతూ ఉంటుంది. ఒకచోట రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. మేకల మంద అడ్డొస్తుంది. ఇంకోచోట పెళ్ళి ఊరేగింపు. మీకు నలభై సెకన్లు పోయాయి. ఇప్పుడేం చేస్తారు?

ఆవేశం ఉన్నవాడు 70కి తొక్కుతాడు. 70 మీద కిలోమీటరుకి 51 సెకన్ల చిల్లర పడుతుంది కాబట్టి ఒక్క కిలోమీటరులోనే 48 సెకన్లు కలిసొస్తాయి. పోగొట్టుకున్నది నలభై, తెచ్చుకున్నది నలభై ఎనిమిది. ఎనిమిది సెకన్లు ముందుకు పోయాడు. చాలా పోటీల్లో ఆలస్యానికి సెకనుకి ఒక మార్కు, తొందరకి రెండు మార్కులు తీసేస్తారు. పదహారు మార్కులు గోవిందా. ఊరి మధ్యలో డెబ్భైకి పోయిన పాపం అదనం. లెక్క తెలిసినవాడు 40కి పెంచుతాడు. కిలోమీటరుకి పది సెకన్లు మెల్లమెల్లగా పూడతాయి. నాలుగు కిలోమీటర్లలో బాకీ తీరిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి కారు వేగం పెరిగిన సంగతే తెలియదు. 36కీ 40కీ మధ్య ఉన్న ఆ చిన్న తేడాని కుడికాలి బొటనవేలికి నేర్పడమే ఈ విద్య.

పలాస జీడి పరిశ్రమలో గ్రేడింగు చేసే ఆడవాళ్ళని మీరు చూసే ఉంటారు. పౌనుకి 240 తూగే గుండు ఏదో, 320 తూగే గుండు ఏదో, కంటితో చూసి చేత్తో వేరు చేసేస్తారు. కాటా తర్వాత వస్తుంది, కన్ను ముందే చెప్పేస్తుంది. ఈ పోటీల్లో ఆరితేరిన డ్రైవరుకి వేగం విషయంలో ఉండేది అలాంటి కన్నే. మన ప్రాంతపు చేతులకి ఇది కొత్త విద్యేమీ కాదని నేను ధైర్యంగా అనేది అందుకే.

లెక్క సరిగ్గా ఉన్నా కారు అబద్ధం చెప్పవచ్చు. టైరు అరిగేకొద్దీ చక్రం చిన్నదవుతుంది. అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. కిలోమీటర్ల మీటరు ఎక్కువ చూపిస్తుంది. అరుగుడు, గాలి తగ్గడం రెండూ కలిసి నూటికి రెండు వంతుల తేడా వచ్చిందనుకోండి, మనం ఇందాక చెప్పుకున్న 14 కిలోమీటర్ల 400 మీటర్లలో అది 288 మీటర్లు. సెకనుకి పది మీటర్ల చొప్పున దాదాపు 29 సెకన్లు. మీరు ఒక్క పొరపాటూ చెయ్యకుండానే ఇరవై తొమ్మిది మార్కులు పోయినట్టు. అందుకే పోటీ మొదట్లో నిర్వాహకులు కొలిచిపెట్టిన కొంత దారి ఇస్తారు. వాళ్ళ లెక్కలో 10 కిలోమీటర్లు అయినచోట మీ మీటరు 10.2 చూపిస్తే, ఆ రోజంతా పుస్తకంలోని ప్రతి దూరాన్నీ 1.02తో గుణించుకోవాలి. స్పీడోమీటరు కూడా నిజం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. తక్కువ చూపించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి తయారీదార్లు అలా పెడతారు. ముల్లు 36 మీద ఉంది కదా అని నిశ్చింతగా పోయేవాడు ప్రతి కిలోమీటరుకీ కొద్దికొద్దిగా వెనకబడుతూనే ఉంటాడు.

ఈ లెక్కలన్నీ డ్రైవరు చెయ్యలేడు. చెయ్యకూడదు కూడా, వాడి కళ్ళు రోడ్డు మీద ఉండాలి. పక్కన నేవిగేటరు ఉంటాడు. నా దృష్టిలో ఈ ఆటలో పెద్దపీట నేవిగేటరుదే. ఉదాహరణకి 1955లో ఇటలీలో జరిగిన మిల్లే మిల్యా వేగపు పందెం, బ్రెషియా నుంచి రోము దాకా పోయి తిరిగి రావడం. స్టిర్లింగ్ మాస్ గెలిచాడు, 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో. పక్కన డెనిస్ జెంకిన్సన్ కూర్చుని, దారిలోని మలుపులన్నీ రాసుకున్న పొడవాటి కాగితపు చుట్టని ఒక పెట్టెలో తిప్పుకుంటూ చేతి సైగలతో దారి చెబుతూ పోయాడు. ఇంజను రొదలో మాట వినపడదు కాబట్టి సైగలు. రెండేళ్ళకి, 1957లో, అదే పందెంలో కారు జనం మీదికి దూసుకుపోయి, చూడవచ్చినవాళ్ళు పిల్లలతో సహా చనిపోయారు. పందెం ఆపేశారు. 1977లో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు దాన్ని వేగపు పందెంగా కాకుండా రెగ్యులారిటీ పోటీగా పెట్టారు. అవే ఊళ్ళు, అవే పాత కార్లు, గెలుపు మాత్రం సెకన్ల కచ్చితత్వానికి. ఆ నిర్ణయం నాకు గొప్పగా తోస్తుంది. పందెం వల్ల ప్రాణాలు పోయిన దేశం పందేన్ని చంపేయలేదు, దాని కొలబద్ద మార్చింది.

నేవిగేటరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ముంబై, చెన్నై, బెంగళూరు లాంటి నగరాల్లో చూపులేనివాళ్ళు నేవిగేటర్లుగా కూర్చునే ర్యాలీలు జరుగుతాయి. రోడ్ బుక్ బ్రెయిలీలో ఉంటుంది. చూపున్న డ్రైవరుకి దారి తెలియదు. దారి తెలిసినవాళ్ళకి చూపులేదు. వేలికొసలతో చదివి, ఇంకెంత దూరంలో ఎడమకి తిరగాలో, ఎంత వేగం ఉంచాలో వాళ్ళు చెబుతుంటే డ్రైవరు వింటాడు. మామూలు రోజున ఎవరో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాల్సిన మనిషి ఆ రోజు కారుని, కారులోని మనుషుల్ని నడిపిస్తాడు. కంటిచూపుతో పని లేకుండా, మెదడుతో సమంగా పాల్గొనగలిగిన మోటారు క్రీడ నాకు తెలిసి ఇదొక్కటే. శ్రీకాకుళం జిల్లాలో బ్రెయిలీ చదివే పిల్లలున్నారు. వాళ్ళ పక్కన స్టీరింగు పట్టుకుని కూర్చోవాలని నాకు ఎంతో ఆశ.

ఇక ట్రాకు సంగతి. మనకు నిజమైన రేసు ట్రాకు కావాలంటే చెన్నై దగ్గర, శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై పోవాలి. పలాస నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు. అది 1990లో మొదలైంది. దానికి ముందు దక్షిణాది పెద్ద పందేలు ఎక్కువగా చెన్నైకి ఉత్తరాన షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగేవి. నిర్వహించింది 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. షోలవరం ఉన్నది మన పలాస మీదుగా పోయే ఈ రోడ్డు మీదే. కాశీబుగ్గ దగ్గర ఎక్కి దక్షిణంగా పోతూనే ఉంటే, చెన్నై చేరడానికి కాస్త ముందు షోలవరం వస్తుంది. మన లారీ డ్రైవర్లు ఎన్నిసార్లు ఆ పక్క నుంచి పోయి ఉంటారో!

మోటారు పందేల్లో తెలుగువాళ్ళు లేరనుకుంటారేమో. కోయంబత్తూరులో తరాల కిందట స్థిరపడి ఇళ్ళలో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళ కుటుంబాలున్నాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ ఆ కోవలోనివాడే. 1980ల చివర్లో మారుతి 800 ఇంజను తీసుకుని, మామూలు సంపాదనపరులు కూడా పందెం నేర్చుకోగలిగే చవక రేసు కారు, ఫార్ములా మారుతి, తయారుచేశాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. ఆ ఊరివాడే నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీచేసిన మొదటి భారతీయుడయ్యాడు. ఇక మన హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2023 ఫిబ్రవరి 11న కరెంటు కార్ల ప్రపంచ పందెం ఫార్ములా ఈ జరిగింది.

మళ్ళీ మన ఆటకి వద్దాం. ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు. మామూలు ఫ్యామిలీ కారులో వెళ్ళిన కొత్తవాడు రెండున్నర నిమిషాలని రాసిచ్చాడనుకుందాం. అంటే సగటు గంటకు 89 కిలోమీటర్లు. సగటున సెకనుకి దాదాపు 25 మీటర్లు పోతున్నాడు. అర సెకను తేడా అంటే పన్నెండు మీటర్లు, మూడు కార్ల పొడవు. చాలాచోట్ల కారులో గడియారం, ఫోను, లాప్ టైమరు ఏదీ చూడనివ్వరు. అలాంటప్పుడు సమయం దేన్ని చూసి తెలుసుకోవాలి? చోట్లని చూసి. ఫలానా బోర్డు దగ్గర బ్రేకు మీద కాలు. ఫలానా తారు అతుకు దగ్గర మూడో గేరు. ఫలానా ఎర్రతెల్ల గట్టుకి కుడి చక్రం జానెడు దూరం. ప్రతి చుట్టూ అవే చోట్లు, అవే పనులు. చోట్లు తప్పకపోతే సెకన్లు తప్పవు.

ఎక్కువమంది సమయం పోగొట్టుకునేది వేగంగా పోయే చోట కాదు, నెమ్మదిగా తిరిగే మలుపు నుంచి బయటికి వచ్చే చోట. మలుపు దాటాక 250 మీటర్ల తిన్నటి దారి ఉందనుకోండి. దాని మీద సగటు 100 అయితే తొమ్మిది సెకన్లు పడుతుంది. మలుపులో కాస్త తడబడి సగటు 98కి పడితే 9.18 సెకన్లు. ఒక్క మలుపుకి ఐదో వంతు సెకను పోయింది. అలాంటివి నాలుగు కలిస్తే దాదాపు ముప్పావు సెకను. అందుకే మలుపులోకి కాస్త తగ్గి వెళ్ళి, నిలకడగా బయటికి రావడం మంచిది. తెగించి లోపలికి దూరితే ఒక చుట్టు బాగానే ఉంటుంది, తర్వాతి చుట్టు ఇంకోలా ఉంటుంది. ఈ ఆటలో ఒక చుట్టు బాగుండటం దేనికీ పనికిరాదు.

ఎంత సమయం రాసివ్వాలన్నది కూడా తెలివిగా చూసుకోవాలి. మీకు చేతనైన అతి తక్కువ సమయం రాసివ్వకండి. దాన్ని ప్రతిసారీ అందుకోవడం ఎవరి వల్లా కాదు, టైర్లు వేడెక్కుతాయి, మనిషి అలసిపోతాడు. మీ బెస్టు కంటే చుట్టుకి ఐదారు సెకన్లు ఎక్కువ రాస్తే, చేతిలో కాస్త సమయం ఉంటుంది. ముందు కారు అడ్డొచ్చి సెకనో రెండో పోతే అక్కడక్కడ కొంచెం కొంచెంగా పూడ్చుకోవచ్చు. వెనక వేగంగా పోయేవాళ్ళు వస్తారు. నీలం జెండా ఊపితే అర్థం అదే. దారివ్వండి, వాళ్ళ వెంట పడకండి. పసుపు జెండా చూస్తే ముందు ప్రమాదం ఉన్నట్టు, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా చూస్తే పోటీ ఆగినట్టే, మార్కులన్నీ మర్చిపోయి నెమ్మదిగా లోపలికి వచ్చెయ్యాలి.

కారుని సిద్ధం చెయ్యడం గురించి మన తీరం వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మనది ఉప్పు గాలి. నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర కారు నెలరోజులు నిలిపి చూడండి, బోల్టులు ఎర్రబడిపోతాయి. ఆ ఉప్పు కంటికి కనపడే రేకుల్నే కాదు, బ్రేకు క్యాలిపరు లోపల జారాల్సిన పిన్నుల్ని కూడా పట్టేస్తుంది. అప్పుడు ఒక చక్రం గట్టిగా పట్టి, రెండో చక్రం వదులుగా పట్టి, గట్టిగా బ్రేకు తొక్కగానే కారు ఒక పక్కకి లాగుతుంది. ట్రాకుకి పోయేముందు నాలుగు చక్రాలూ విప్పించి ఆ పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ వైరు కూడా.

అంతకంటే ముఖ్యమైంది బ్రేక్ ఆయిల్. మెకానిక్ షెడ్డులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. తగ్గితే పోస్తారు, అంతే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలిలో తేమకి కొదవా? డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. ఊళ్ళో తిరిగేటప్పుడు ఇవేవీ మీకు తెలియవు. ట్రాకు మీద ప్రతి రెండున్నర నిమిషాలకీ పది పన్నెండు సార్లు గట్టిగా తొక్కుతుంటే డిస్కులు కాలిపోతాయి, ఆ వేడి ఆయిల్‌కి చేరుతుంది, అందులోని నీరు ఆవిరై బుడగలు కడుతుంది. బుడగ నొక్కితే అణిగిపోతుంది. మీరు తొక్కిన పెడలు నేలకి తగులుతుంది, కారు మాత్రం ఆగదు. పోటీకి వారం ముందు పాత ఆయిల్ మొత్తం తీసేసి, మీ కారు పుస్తకంలో చెప్పిన రకం కొత్త సీసా విప్పి పోయించండి. వందల రూపాయల్లో అయిపోయే పని. ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటామంటే ఈ మాట గుర్తుంచుకోండి. ఇది ట్రాకుకి పోనివాళ్ళకి కూడా.

టైరు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. 32 పెట్టి వెళ్ళినవాడు ఇరవై డిగ్రీలు పెరిగాక చూస్తే 35 దాటి ఉంటుంది. అందుకని చుట్లయ్యాక వేడిమీద కొలిచి రాసుకోవాలి. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, నీళ్ళ సీసాలు, దేవుడి బొమ్మల దాకా వదులుగా ఉన్నవన్నీ దించెయ్యాలి. వీల్ నట్లు సరిగ్గా బిగించాలి. ఇంజనుకి కొత్తగా ఏమీ చెయ్యనక్కర్లేదు. సైలెన్సరు మార్చడం, స్టిక్కర్లు వెయ్యడం, వీటివల్ల ఒక్క మార్కు కూడా రాదు.

మనిషి కూడా సిద్ధం కావాలి. పొడుగు చేతుల నూలు చొక్కా, బూట్లు, నాణ్యమైన హెల్మెట్. ఎండలో, ఏసీ లేకుండా, హెల్మెట్ లోపల చెమట ధారగా పోతుంది. మన ఉద్దానానికి మూత్రపిండాల జబ్బు ఎంత బరువైన మాటో చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయంటేనే తెలుస్తుంది. ఒంట్లో నీళ్ళు తగ్గడం, నొప్పి మాత్రలు మింగడం, రెండూ మూత్రపిండాలకి చేటు. వెయ్యి కిలోమీటర్లు నడిపి నడుం పట్టేసిందని మందుల షాపులో బిళ్ళ కొనుక్కుని వేసుకోవద్దు. రెండు రోజుల్లో వెళ్ళండి, నెల్లూరులోనో ఒంగోలులోనో పడుకోండి. నీళ్ళు తాగుతూ ఉండండి. జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రోడ్డు మీద పందేలు, వేగ పరీక్షలు పెట్టడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మనం చెప్పుకుంటున్నది వేగ పరీక్ష కాదు కదా అని వాదించి లాభం లేదు, అనుమతి తీసుకునే చెయ్యాలి. దేశంలో ఈ క్రీడకి పెద్దదిక్కు ఎఫ్ఎమ్ఎస్‌సీఐ, మోటారు క్రీడా క్లబ్బుల సమాఖ్య. దాని అనుమతితో జరిగే పోటీలకి దాని లైసెన్సు తీసుకోవాలి. ఇంకొకటి, మీ కారు ఇన్సూరెన్సు కాగితం తీసి చూడండి. పందేలు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ వర్తించవని అందులో రాసి ఉంటుంది. ట్రాకు మీద గీత పడితే మన డబ్బే. ఆ సంగతి తెలిసి, ఇంట్లో చెప్పి, ఒప్పించి మరీ వెళ్ళాలి.

వెయ్యి కిలోమీటర్లు పోలేనివాళ్ళ మాటేమిటంటారా? మొదలుపెట్టడానికి ట్రాకు అక్కర్లేదు. నాలుగైదు వందల మీటర్ల చుట్టు పట్టే మైదానం చాలు. టెక్కలి చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలున్నాయి, వాటికి సెలవు రోజున ఖాళీగా ఉండే స్థలాలున్నాయి. మెకానికల్ చదివే పిల్లలు ఓడోమీటరు దిద్దుబాటు, టైరు వేడి, బ్రేక్ ఆయిల్ మరగడం పుస్తకంలో చదివి వదిలేయడం కంటే అక్కడ తమ చేతులతో కొలవడం ఎంత మంచిది! ఒక్కో కారు విడివిడిగా తిరుగుతుంది, గంటకు 30 దాటనక్కర్లేదు. ఆ వేగంలో 500 మీటర్ల చుట్టుకి అరవై సెకన్లు. నిమిషానికి నిమిషం తప్పకుండా పదిచుట్లు తిరగమనండి, ఎంతమంది తిరగగలరో చూద్దాం. ఆడపిల్లలకీ, మగపిల్లలకీ, రిటైరైన మాస్టార్లకీ ఒకటే పోటీ. సొంత కారు ఉండాలని కూడా లేదు, ఒకే కారులో పదిమంది వంతులవారీగా నడపవచ్చు.

కావలసినవి ఇవే. చుట్టూ తాడు కట్టి జనాన్ని దూరంగా నిలపడానికి నలుగురు మనుషులు, నిప్పు ఆర్పే సిలిండరు ఒకటి, ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళు, పోలీసువారికి ముందుగా ఒక ఉత్తరం. సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందు, పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా ఒక్క ఆదివారం. మైదానం ఇవ్వగల కాలేజీ పెద్దలు, స్థలం ఉన్న రైతు సోదరులు ఈ ప్రసంగం వింటూ ఉంటే ఆలోచించండి. కోన్లు, గడియారాలు నేను తెస్తాను. కాగితాల మీద మార్కులు వెయ్యడానికి మా మేనల్లుడు వస్తాడు.